నల్లగొండ సంగతి మాస్కోలో తేలడం గురించి

సంపాదకుల వారికి నమస్కారములు.

మీ సంపాదకీయ పుటలో ఇటీవల సోవియట్ నాయకుడు స్టాలిన్ గురించి వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. వ్యాసకర్త వాదన క్లుప్తంగా ఇదీ: స్టాలిన్ తన దేశంలో కఠినంగా వ్యవహరించి ఉండవచ్చు గానీ అది ఆ దేశ ప్రజలు తేల్చుకోవలసిన విషయం; ప్రపంచానికి మాత్రం ఆయన వల్ల జరిగింది మేలే, ఎందుకంటే హిట్లర్‌ను ఓడించాడు, వలస దేశాలకు అండగా నిలిచాడు, అమెరికాకు దీటైన మరో శక్తిని నిలబెట్టాడు. ఇంటి లెక్క ఒక పద్దులోనూ, ఊరి లెక్క మరో పద్దులోనూ రాసుకుని రెండోదాన్నే చూడమనే ఈ పద్ధతితో నాకు పేచీ ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా ఇంటర్మీడియట్ విద్యార్థులకు చరిత్ర చెప్పినవాడిగా, స్టాలిన్ పటం గోడకు వేలాడిన ఇంట్లో పెరిగినవాడిగా, ఈ ఉత్తరం కొంచెం పొడవవుతుందని ముందే మనవి చేసుకుంటున్నాను.

ఆ పటం మా తాతయ్యది, అంటే అమ్మ తండ్రిది. తెలంగాణ రైతాంగ పోరాట కాలంలో, పూర్వపు నల్లగొండ జిల్లా సూర్యాపేట తాలూకాలో, ఆయన సంఘంలో, అంటే కమ్యూనిస్టులు నడిపిన రైతుల సంఘంలో పనిచేశారు. సాయుధ దళాలకు కబుర్లు మోసిన కొరియర్. మీసాల స్టాలిన్ ఫొటో దేవుడి గూటికి జానెడు దూరంలో ఉండేది. పండగనాడు పటాలన్నింటికీ బొట్లు పెడుతూ అమ్మమ్మ దానికీ ఒక బొట్టు పెట్టేది. తాతయ్య చూసీ చూడనట్టు ఊరుకునేవారు. మా తరంలో స్టాలిన్ అన్న పేరున్న పిల్లలు మా బడిలోనే ఇద్దరుండేవారు. ఇదంతా చెప్పడం ఎందుకంటే, నేను రాయబోయేది ఆ మనుషుల మీద ఎగతాళిగా ఎవరూ అనుకోకూడదు. వెట్టికి ఎదురు తిరిగి, సర్కారు బలవంతంగా వసూలు చేసే లెవీ ధాన్యం ఇవ్వబోమని భీష్మించి, ప్రాణాలకు తెగించిన మనుషులు వాళ్ళు. వాళ్ళు నమ్మిన మనిషి ఏం చేశాడో వాళ్ళకు తెలియనివ్వలేదన్నదే నా బాధ.

లెవీ మాట వచ్చింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. 1929 చివర నుంచి సోవియట్ యూనియన్‌లో రైతుల భూములను, పశువులను బలవంతంగా సమష్టి క్షేత్రాల్లో కలిపారు. పండినా పండకపోయినా రాజ్యానికి ఇంత ధాన్యం జమ చేయాలని పై నుంచి లెక్కలు వచ్చాయి. 1932-33లో ఉక్రెయిన్, కజకస్తాన్, ఉత్తర కాకసస్, వోల్గా ప్రాంతాల్లో కరువు వచ్చి లక్షల మంది చనిపోయారు. ఒక్క ఉక్రెయిన్‌లోనే 35 లక్షలకు తక్కువ కాదని నేటి చరిత్రకారుల్లో ఎక్కువమంది అంచనా. కజకస్తాన్‌లో చనిపోయినవారు పది లక్షలకు పైమాటే. ఆ 1932లో కూడా దాదాపు 17 లక్షల టన్నుల ధాన్యం విదేశాలకు ఎగుమతి అయింది. అదే సంవత్సరం ఆగస్టు 7న వచ్చిన చట్టం సమష్టి క్షేత్రపు సొత్తు దొంగిలించినవారికి మరణశిక్ష విధించింది; దయ తలిస్తే పదేళ్ళ ఖైదు. మన పల్లెల్లో కోత అయ్యాక మడిలో రాలిన కంకులను పేదవాళ్ళు ఏరుకుంటారు, దాన్ని పరిగె అంటాం, ఎంత పిసినారి ఆసామీ అయినా దాన్ని దొంగతనం అనడు. ఆ చట్టం కింద అక్కడ పరిగె ఏరుకున్న ఆడవాళ్ళూ జైళ్ళకు వెళ్ళారు. 1933 జనవరిలో, తిండి వెతుక్కుంటూ ఉక్రెయిన్, ఉత్తర కాకసస్‌లోని కుబాన్ ప్రాంతాల నుంచి బయటికి వెళ్ళే రైతులను ఆపమని, రైలు టికెట్లు ఇవ్వవద్దని ఉత్తర్వు జారీ అయింది. జనగామ, సూర్యాపేట తాలూకాల్లో లెవీ ధాన్యం కొలవబోమని ఎదురు తిరిగిన రైతు ఆ రోజుల్లో ఉక్రెయిన్‌లో పుట్టి ఉంటే ఏమయ్యేవాడో వ్యాసకర్త ఒక్కసారి ఊహించాలి.

ఇవి అంతర్గత విషయాలు కదా, ప్రపంచంతో పని ఏమిటని ఆయన అడుగుతారు. కరువు తర్వాత జరిగినదాన్ని చూస్తే ఆ పని ఏమిటో తెలుస్తుంది. 1934 పార్టీ మహాసభలో స్టాలిన్ దేశ జనాభా 16 కోట్ల 80 లక్షలని ప్రకటించాడు. 1937 జనవరి 6న జనాభా లెక్కలు తీస్తే తేలింది 16 కోట్ల 20 లక్షలు. నాయకుడు చెప్పిన అంకెకు మూడేళ్ళ పెరుగుదల కలపవలసింది పోయి, అందులోంచే 60 లక్షలు తగ్గాయి. లెక్క సరిగ్గా ఉంది కాబట్టే లెక్క తీసినవాళ్ళకు ముప్పు వచ్చింది. ఆ జనగణనను రద్దు చేశారు, దాన్ని నడిపిన గణాంకవేత్తలను అరెస్టు చేశారు, వారిలో ముఖ్యుడైన క్విత్కిన్‌ను కాల్చి చంపారు. 1939లో మళ్ళీ లెక్క తీస్తే, అంతకుముందు లెక్కించినవాళ్ళకు ఏం జరిగిందో తెలిసిన కొత్త ఉద్యోగులు పాలకులకు నచ్చే అంకె తెచ్చి ఇచ్చారు. నేను క్లాసులో స్టాలిన్ పాలనను చెప్పవలసి వచ్చినప్పుడల్లా నిర్బంధ శిబిరాల కన్నా ముందు ఈ జనాభా లెక్కల కథ చెప్పేవాణ్ణి. నిజం చెప్పిన గుమాస్తాను చంపే ప్రభుత్వానికి ఆ తర్వాత గూఢచారి గానీ, సైన్యాధికారి గానీ, రాయబారి గానీ నిజం చెప్తాడా? చెప్పినా అది నమ్ముతుందా? ఆ ప్రభుత్వం తీసుకునే యుద్ధ నిర్ణయాలు, సంధి నిర్ణయాలు దాని సరిహద్దుల్లోనే ఆగిపోవు కదా.

1937-38 సంవత్సరాల్లో ఆ దేశ రహస్య పోలీసుల సొంత లెక్కల ప్రకారమే 6,81,692 మందికి మరణశిక్ష అమలైంది. 1937 జూలై 30న వచ్చిన 00447 నంబరు ఉత్తర్వులో ప్రతి ప్రాంతానికీ ఇంతమందిని కాల్చాలి, ఇంతమందిని శిబిరాలకు పంపాలి అని కోటాలు ఉన్నాయి, మన దగ్గర ఎరువుల బస్తాలకు జిల్లాలవారీ కోటాలు వేసినట్టు. శత్రువులను ముందు పట్టుకుని తర్వాత లెక్కపెట్టడం కాకుండా, ముందు లెక్క నిర్ణయించి తర్వాత శత్రువులను వెతికారు. 1934 మహాసభలో ఎన్నికైన కేంద్ర కమిటీ సభ్యులు, అభ్యర్థి సభ్యులు కలిపి 139 మంది అయితే వారిలో 98 మందిని కాల్చి చంపారని 1956లో, స్టాలిన్ తర్వాత నాయకుడైన కృశ్చేవే చెప్పాడు. ఇంతమంది కమ్యూనిస్టులు శత్రువుల చేతిలో కాదు, తమ నాయకుడి చేతిలోనే పోయారు.

ఆ చనిపోయినవారిలో హైదరాబాదు మనిషి ఒకాయన ఉన్నాడు. సరోజినీ నాయుడు తమ్ముడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ 1880లో హైదరాబాదులో పుట్టాడు. తండ్రి అఘోరనాథ్ నిజాం కళాశాల ఆరంభకుల్లో ఒకరు. వీరేంద్రనాథ్ యూరప్‌లో పాతికేళ్ళ పాటు బ్రిటిష్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా పనిచేసి, జర్మనీలో నాజీల ప్రాబల్యం పెరుగుతున్న కాలంలో సోవియట్ దేశానికి చేరి, లెనిన్‌గ్రాడ్‌లో ఒక పరిశోధన సంస్థలో భారతీయ భాషలు, జాతుల మీద పనిచేసుకుంటూ ఉండగా 1937 జూలైలో అరెస్టు చేశారు, సెప్టెంబరు 2న కాల్చి చంపారు. బ్రిటిష్ గూఢచారులు ఇరవై ఏళ్ళు వెంటాడినా చిక్కని మనిషి ఆయన. వలస దేశాలకు అండగా నిలిచాడన్న వాక్యం పక్కన ఈ ఒక్క పేరైనా వ్యాసకర్త రాసి ఉండవలసింది. ఇప్పటికీ అబిడ్స్ వైపు వెళ్ళినప్పుడల్లా, ఆ కుటుంబం నివసించిన గోల్డెన్ త్రెష్‌హోల్డ్ భవనం ముందు ఒక్క నిమిషం నిలబడడం నాకు అలవాటు.

ఇక యుద్ధం. హిట్లర్‌ను ఓడించడంలో సోవియట్ ప్రజల పాత్రను తక్కువ చేసి మాట్లాడేవాడికి చరిత్ర తెలియదని నేనే అంటాను. 1942 ఆగస్టు నుంచి 1943 ఫిబ్రవరి 2 దాకా స్టాలిన్‌గ్రాడ్‌లో జరిగిన పోరు లేకుండా ఆ యుద్ధం ముగిసేది కాదు. అయితే ఆ ఘనత ఎవరిది? యుద్ధానికి ముందే ఐదుగురు మార్షళ్ళలో ముగ్గురిని, తుఖాచెవ్‌స్కీ, బ్లూఖెర్, యెగోరోవ్‌లను, అరెస్టు చేయించి తన చేతులతో పోగొట్టుకున్నది స్టాలినే. 1939 ఆగస్టు 23న హిట్లర్‌తో ఒప్పందం చేసుకుని, రహస్య అనుబంధంలో పోలెండును, బాల్టిక్ దేశాలను పంచుకున్నది ఆయనే. ఆ రహస్య పత్రం ఉందని ఒప్పుకోవడానికి ఆ దేశానికి 1989 డిసెంబరు దాకా పట్టింది. 1940 మార్చి 5న పోలెండు అధికారులను, ఖైదీలను చంపమని పార్టీ అత్యున్నత కమిటీ అయిన పొలిట్‌బ్యూరో తీర్మానం మీద సంతకం పెట్టాడు, దాదాపు 22 వేల మంది చనిపోయారు. ఆ నేరాన్ని నాజీల మీద వేసి, యాభై ఏళ్ళ తర్వాత 1990లో గాని మాస్కో ఒప్పుకోలేదు.

హిట్లర్ దాడి చేయబోతున్నాడని జపాన్ నుంచి సోవియట్ గూఢచారి రిచర్డ్ సోర్గే చెప్పాడు. మరెందరో చెప్పారు. 1941 జూన్ 17న బెర్లిన్ నుంచి వచ్చిన అలాంటి హెచ్చరిక ఒకదాని మీద స్టాలిన్ తన చేతితో, మీ పత్రికలో అచ్చు వేయలేని బూతు రాసి, ఇది తప్పుడు సమాచారం అని తిప్పికొట్టాడు. ఐదు రోజులకు, జూన్ 22 తెల్లవారుజామున దాడి మొదలైంది. అప్పటిదాకా ఒప్పందం ప్రకారం జర్మనీకి ధాన్యం తీసుకుపోయే గూడ్సు రైళ్ళు సరిహద్దు దాటుతూనే ఉన్నాయి. జనాభా లెక్క తీసిన గుమాస్తా గతి గూఢచారి నివేదికకూ పట్టింది. యుద్ధంలో సోవియట్ దేశం కోల్పోయినవారి సంఖ్యను 1946లో స్టాలిన్ 70 లక్షలన్నాడు. కృశ్చేవ్ కాలంలో అది రెండు కోట్లయింది. 1990లో రెండు కోట్ల 70 లక్షలని తేల్చారు. సొంత బిడ్డల శవాలను కూడా తక్కువ చేసి లెక్కపెట్టిన నాయకుడికి ఆ బిడ్డల విజయాన్ని కానుకగా కట్టబెట్టడం నాకు న్యాయంగా కనిపించదు.

ఆ ఒప్పందాలు మన ఊళ్ళ దాకా ఎలా వచ్చాయో కూడా చెప్పాలి. 1939లో హిట్లర్‌తో స్నేహం కుదరగానే ఆ యుద్ధం సామ్రాజ్యవాద యుద్ధం అయింది, దాన్ని వ్యతిరేకించి మన కమ్యూనిస్టులు జైళ్ళ పాలయ్యారు. 1941 జూన్ తర్వాత అదే యుద్ధం కొద్ది నెలల్లో ప్రజాయుద్ధంగా మారింది, 1942 జూలైలో పార్టీ మీద నిషేధం తొలగింది, ఆగస్టులో క్విట్ ఇండియా వచ్చేసరికి ఆ పార్టీ ఉద్యమానికి ఎడంగా నిలబడింది. ఆగస్టు 12న తెనాలి స్టేషన్ దగ్గర పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. నేటికీ రణరంగ చౌక్ దగ్గర వారి స్మారకం ఉంది. ఆ రోజు తెనాలిలో జరిగినదాన్ని తెనాలి మనిషిగా చూడాలా, మాస్కో అవసరాన్ని బట్టి చూడాలా అన్న సంకటం ఎంతమంది నిజాయితీపరులైన యువకులను నలిపిందో ఆ కాలపువారు చెబుతుండగా నేను విన్నాను.

వలస దేశాలకు అండ అనే మాటకు వస్తే, 1944 అక్టోబరులో మాస్కోలో బ్రిటన్ ప్రధాని చర్చిల్ ఒక కాగితం ముక్క మీద రుమేనియాలో రష్యాకు 90 శాతం, గ్రీసులో బ్రిటనుకు 90 శాతం, యుగోస్లావియాలో చెరి సగం అని రాసి ముందుకు తోస్తే, స్టాలిన్ నీలం పెన్సిలుతో దాని మీద టిక్కు పెట్టి వెనక్కి ఇచ్చాడు. రెండు నెలలకు ఏథెన్స్‌లో బ్రిటిష్ సైన్యం గ్రీకు కమ్యూనిస్టుల మీద కాల్పులు జరిపితే నోరు మెదపలేదు. ఆయన మాట తప్పలేదనే చెప్పాలి, చర్చిల్‌కిచ్చిన మాట. చాలావరకు సొంత సైన్యంతో నాజీలను తరిమి స్వతంత్రంగా ఆలోచించిన యుగోస్లావియా నాయకుడు టిటోను మాత్రం 1948 జూన్‌లో కమ్యూనిస్టు కుటుంబం నుంచే వెలివేశాడు. చైనాలో మావో పోరాడుతుండగానే 1945 ఆగస్టులో ఆయన ప్రత్యర్థి చియాంగ్ కై షేక్‌తో సంధి చేసుకున్నాడు.

కొరియా గురించి మరికొంత చెప్పాలి, ఎందుకంటే అక్కడ మన దేశం కూడా ఉంది. దక్షిణ కొరియా మీదికి వెళ్ళడానికి అనుమతి ఇమ్మని ఉత్తర కొరియా నాయకుడు కిమ్ ఇల్ సుంగ్ పదేపదే అడిగితే 1950 ఏప్రిల్‌లో స్టాలిన్ ఒప్పుకున్నాడు, సోవియట్ సైన్యం మాత్రం రాదని, మావోను కూడా అడగమని చెప్పాడు. జూన్ 25న యుద్ధం మొదలైంది. ఏడాది తిరిగేసరికి ఎవరూ గెలవలేరని తేలినా, యుద్ధం త్వరగా ముగించవలసిన పని లేదని, అది చైనా సైన్యానికి అనుభవాన్నిస్తుందని, అమెరికాకు ఇబ్బంది పెడుతుందని 1951 జూన్‌లో మావోకు తంతి పంపాడు. చనిపోతున్నది కొరియన్లు, చైనీయులు. లెక్క వేస్తున్నది ఆయన. 1952 చివర యుద్ధ ఖైదీల విషయంలో మన కృష్ణ మీనన్ ఐక్యరాజ్య సమితిలో ఒక రాజీ సూచన తెస్తే స్టాలిన్ విదేశాంగ మంత్రి విషిన్‌స్కీ దాన్ని దుయ్యబట్టాడు. 1953 మార్చి 5న స్టాలిన్ చనిపోయాడు. రెండు వారాలకు, మార్చి 19న, కొత్త నాయకులు యుద్ధం ముగించాలని నిర్ణయించారు. జూలై 27న కాల్పుల విరమణ కుదిరింది, ఖైదీల సంగతి చూసే తటస్థ దేశాల సంఘానికి మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడయ్యాడు. ఒక మనిషి మరణం ఒక యుద్ధాన్ని ఆపగలిగిందంటే, ఆ యుద్ధం ఎవరి ఇష్టం మీద సాగిందో వేరే చెప్పనవసరం లేదు.

ఇప్పుడు ఈ ఉత్తరానికి అసలు కారణమైన విషయానికి వస్తాను. తెలంగాణ రైతాంగ పోరాటానికి స్టాలిన్ స్ఫూర్తి అని వ్యాసకర్త ఒక్క వాక్యంలో రాసి ముందుకు సాగిపోయారు. స్ఫూర్తి సంగతి సరే, పోరాటాన్ని ఆపడంలో ఆయన పాత్ర ఏమిటో కూడా రాయాలి కదా. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య చనిపోయిన నాటి నుంచి పెరిగిన ఆ పోరాటం పార్టీ లెక్కల ప్రకారం మూడు వేల గ్రామాలకు పాకింది, పది లక్షల ఎకరాలు పంచింది. 1948 సెప్టెంబరులో భారత యూనియన్ సైన్యం వచ్చి నిజాం పాలన పోయింది. అక్కడితో పరిస్థితి మారిందని, ఇక తుపాకీ కొనసాగించడం తప్పని పోరాట నాయకుల్లో ఒకరైన రావి నారాయణరెడ్డి వంటివారు చెప్పారు. వాళ్ళను వెన్ను చూపేవాళ్ళన్నారు. పల్లెల్లో గెరిల్లా పోరుతో సాగే చైనా మార్గమే మనదని పార్టీ ఆంధ్ర నాయకత్వం అన్నది, కాదు, నగర కార్మికుల తిరుగుబాటుతో సాగే రష్యా మార్గమని అప్పటి పార్టీ ప్రధాన కార్యదర్శి రణదివే అన్నారు. 1950 జనవరిలో, మాస్కో అదుపులో నడిచిన కమ్యూనిస్టు పార్టీల కూటమి కమిన్‌ఫారం పత్రికలో ఒక సంపాదకీయం పడేసరికి ఇక్కడ పార్టీ నాయకత్వమే మారిపోయింది. బుకారెస్టు నుంచి వెలువడే పత్రికలో నాలుగు పేరాలు వస్తే నల్లమల అడవిలో ఉన్న దళం ఏం చేయాలో మారిపోయేదన్నమాట!

తగవు తెగక, 1951 ఆరంభంలో నలుగురు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్ళారు: అజయ్ ఘోష్, డాంగే, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. ఇద్దరు తెలుగువాళ్ళు. ఫిబ్రవరిలో స్టాలిన్ వారితో మాట్లాడాడు. ఆ సంభాషణ రికార్డు తర్వాతి కాలంలో వెలుగులోకి వచ్చింది. భారతదేశం చైనా కాదని, చైనా గెరిల్లాలకు వెనుక ఆనుకోవడానికి సోవియట్ సరిహద్దు దొరికిందని, మీకు అలాంటి వెన్నుదన్ను లేదని, ఇక్కడ రైల్వేలు ఎక్కువని, సైన్యం ఎక్కడికైనా త్వరగా చేరగలదని, గెరిల్లా పోరు ఒక్కదాంతో గెలవలేరని ఆయన చెప్పాడు. ఇవి ఆదేశాలు కావు, సలహాలేనని కూడా అన్నాడు. అదే ఏడాది అక్టోబరులో పోరాట విరమణ ప్రకటన వెలువడింది. కొద్ది నెలలకు జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారు.

ఆ సలహా మంచిదా చెడ్డదా అంటే, మంచిదే అంటాను. స్టాలిన్‌ను తప్పుపట్టడానికి రాస్తున్న ఉత్తరంలో ఈ మాట రాయడానికి నాకు మొహమాటం లేదు. రైల్వేల గురించి, సరిహద్దు గురించి ఆయన చెప్పినదాంట్లో నల్లగొండ జిల్లా రైతుకు తెలియనిది ఏమీ లేదు. యూనియన్ సైన్యపు లారీలు ఎంత త్వరగా ఊరు చుట్టుముడతాయో చూసినవాడు రైతు. దళాలు దాక్కోవడానికి ఊళ్ళు వదిలి అడవి పట్టవలసి వచ్చిందని చూసినవాడు కొరియర్. రావి నారాయణరెడ్డి చెబితే ద్రోహం అనిపించిన మాట, ఏడు సముద్రాల అవతల, తెలంగాణ ఎటువైపుందో కూడా సరిగ్గా తెలియని మనిషి చెప్పగానే మార్గదర్శకమైపోయింది. ఆ మధ్యలో గడిచిన మూడేళ్ళలో ఎంతమంది చనిపోయారు? పోరాటం మొత్తంలో నాలుగు వేల మంది అని పార్టీయే లెక్క చెప్పింది, వారిలో చాలామంది 1948 తర్వాతే పోయారు. ప్రపంచ వ్యవహారాల మీద స్టాలిన్ ప్రభావం అంటే నాకు అర్థమైనది ఇదే. సైన్యాలు పంపిన చోట సైన్యాలు పంపాడు, అవి వెళ్ళలేని చోట, సొంత కళ్ళతో చూసినదాన్ని నమ్మే అలవాటు మనుషులకు పోయేలా చేశాడు. మాస్కోలో గణాంకవేత్త భయంతో కళ్ళు మూసుకున్నాడు, ఇక్కడ మావాళ్ళు భక్తితో మూసుకున్నారు.

1951లో ఆయుధం అప్పగించి ఇంటికి వచ్చిన మా తాతయ్యను నా చిన్నతనంలో అడిగాను, ఎందుకు ఆపేశారని. మాస్కో నుంచి మాట వచ్చిందన్నారు. మాస్కోలో వాళ్ళకు మన ఊరెలా తెలుసు తాతయ్యా అంటే, వాళ్ళకు అన్నీ తెలుసురా అన్నారు. 1956లో కృశ్చేవ్ ప్రసంగం సంగతి పేపర్లలో వచ్చినప్పుడు ఆయన నమ్మలేదని, పేపర్లవాళ్ళు డబ్బు తీసుకుని రాస్తారన్నారని అమ్మ చెప్పేది. పటం అలాగే ఉంది. తర్వాత కొన్నేళ్ళకు ఎప్పుడో, ఇల్లు సున్నం వేయించినప్పుడు, దించిన పటాలన్నీ మళ్ళీ ఎక్కాయి గానీ అది ఎక్కలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అమ్మమ్మ మాత్రం, ఆ మీసాలాయన ఏడీ అని ఒకసారి అడిగిందట.

మన రాయబారుల అనుభవాలు కూడా వ్యాసంలో వచ్చి ఉంటే బాగుండేది. మొదటి రాయబారిగా వెళ్ళిన విజయలక్ష్మీ పండిట్‌కు స్టాలిన్ ఒక్కసారి కూడా దర్శనం ఇవ్వలేదు. ఆనాటి మాస్కో లెక్కలో నెహ్రూ సామ్రాజ్యవాదుల తోక. తర్వాత వెళ్ళిన రాధాకృష్ణన్, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా చేసినవారు, రెండుసార్లు కలిశారు. కళింగ యుద్ధం తర్వాత అశోకుడు మారినట్టు మీరూ మారవచ్చునేమో అని ఆయన స్టాలిన్ ముందే అన్నారని చెబుతారు; ఆ గదిలో ఆ మాట అనగలిగినవాడు బహుశా విదేశీయుడే అయి ఉండాలి. 1953 ఫిబ్రవరి 17న కె.పి.ఎస్. మీనన్ కలిసినప్పుడు స్టాలిన్ ఎర్ర పెన్సిలుతో కాగితం మీద తోడేళ్ళ బొమ్మలు గీస్తూ కూర్చున్నాడు, రైతులకు తోడేళ్ళతో ఎలా వ్యవహరించాలో తెలుసని అన్నాడు. రెండు వారాలకు, మార్చి 1న, తన గదిలో పక్షవాతం వచ్చి నేల మీద పడిపోయాడు. పిలవకుండా లోపలికి వెళ్ళడానికి కాపలావాళ్ళు భయపడడం వల్ల రాత్రి దాకా ఎవరూ చూడలేదు. డాక్టర్లు వచ్చేసరికి మర్నాడు ఉదయం అయింది. ఆయనకు ఎన్నో ఏళ్ళు వైద్యం చేసిన వినోగ్రదోవ్ ఆ సమయానికి, డాక్టర్లు కుట్ర పన్నారన్న అబద్ధపు ఆరోపణ మీద, జైల్లో ఉన్నాడు.

చివరిగా ఒక వాస్తవ దోషం. భిలాయి ఉక్కు కర్మాగారం, హైదరాబాదులోని ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారం, మాస్కోలో అచ్చయి మన ఇళ్ళకు చేరిన చవక తెలుగు పుస్తకాలు, వీటన్నింటినీ వ్యాసకర్త స్టాలిన్ వారసత్వంగా రాశారు. భిలాయి ఒప్పందం కుదిరింది 1955 ఫిబ్రవరిలో, అంటే స్టాలిన్ పోయిన దాదాపు రెండేళ్ళకు. ఐ.డి.పి.ఎల్. 1961లో ఏర్పడింది. విశాఖ ఉక్కుకు సోవియట్ సహకారం ఒప్పందం 1979 నాటిది. ఆ పుస్తకాలు నా దగ్గర ఇంకా ఒక బీరువా నిండా ఉన్నాయి, వాటి మీద నాకున్న ప్రేమ వ్యాసకర్తకు ఏ మాత్రం తీసిపోదు. వాటి మీద ముద్రణ సంవత్సరాలు స్పష్టంగానే ఉన్నాయి. స్టాలిన్ బతికుండగా మన ప్రభుత్వానికి ఆ దేశం నుంచి ఆ స్థాయి సహాయం ఏదీ అందలేదు. ఈ తేదీల వరకైనా మీ పత్రికలో సవరణ వేయగలరని కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
ఖమ్మం.